లక్షా యాభై ఎనిమిది వేల ఎరచేపలు

గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. మంచులో కన్నం తొలిచే బరమా, చేప ఎర లాగగానే జెండా లేపే చిన్న పరికరం, కూర్చోడానికి ఏదో ఒకటి, పక్కన ఒక బకెట్. ఆ బకెట్లో ఈదుతుండే వేలెడంత చేపలే ఎర. నీళ్ళు అంత చల్లగా ఉన్నప్పుడు పెద్ద చేపలు మందకొడిగా ఉంటాయి, ఎర కోసం దూరం పోవు. కళ్ళ ముందు బతికున్న చేప కదిలితే మాత్రం ఊరుకోవు. అమెరికా ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రంలో చలికాలం వస్తే చాలామందికి ఇదే వ్యాపకం. అక్కడ ఒక మనిషి ఐదు గాలాల దాకా వేసుకోవచ్చని చట్టం.

ఆ బకెట్లోని చేప ఎక్కడిది, ఎవరు పట్టారు, ఎవరు అమ్మారు, ఏ నీళ్ళలో తెచ్చారు? ఇవి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ప్రశ్నలు. కేసు పేరు మెయిన్ వర్సెస్ టేలర్, తీర్పు వచ్చింది 1986 జూన్‌లో. నేను న్యాయశాస్త్రం చదువుకోలేదు, సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. అయినా ఈ తీర్పు నన్ను వదలకపోవడానికి కారణం ఉంది. దేన్నైనా పరీక్షించే పద్ధతే లేనప్పుడు దాన్ని ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి నేను చదివినవాటిలో ఇంత సూటిగా తలపడ్డ రచన ఇంకోటి లేదు.

కథ చిన్నదే. టేలర్ మెయిన్‌లో ఎరచేపల వ్యాపారి. రాష్ట్రం బయటినుంచి 1,58,000 గోల్డెన్ షైనర్లని ప్రాణంతో తెప్పించుకున్నాడు. గోల్డెన్ షైనర్ అంటే కార్పులకి దూరపు చుట్టం, బంగారు ఛాయలో మెరిసే చిన్న చేప. దక్షిణాన ఆర్కన్సా రాష్ట్రంలో లొనోక్ ఊరి చుట్టుపక్కల చెరువులు తవ్వి, ఎర కోసమే దీన్ని పంటలా పెంచుతారు. మెయిన్ చట్టం మాత్రం బయటినుంచి ఎరచేపలని ప్రాణంతో తేవడాన్ని పూర్తిగా నిషేధించింది. ఒక రాష్ట్రం చట్టాన్ని దాటి చేపల్ని ఎల్లలు దాటిస్తే అది కేంద్ర నేరం కూడా అవుతుంది. అందుకు ఆధారం 1900 నాటి లేసీ చట్టం, దానికి 1981లో చేసిన సవరణలు. టేలర్ మీద కేసు ఆ చట్టం కిందే పెట్టారు.

టేలర్ వాదన గట్టిదే. అమెరికా రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల మధ్య వాణిజ్యం కేంద్రం చేతిలో ఉంటుంది. పక్క రాష్ట్రపు సరుకు అన్న ఒక్క కారణంతో ఏ రాష్ట్రమూ దాన్ని గుమ్మం బయట ఆపకూడదు. మరి మెయిన్ చేసింది అదే కదా? కింది కోర్టులో ఓడిపోయాడు. అప్పీలు చేసుకునే హక్కు నిలుపుకుని నేరం ఒప్పుకున్నాడు. అప్పీలు కోర్టు అతని పక్షాన నిలిచింది. అప్పుడు రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్ళింది.

వివక్ష చూపే చట్టం కాబట్టి, దాన్ని సమర్థించుకునే బరువు రాష్ట్రం మీదే పడింది. రెండు సంగతులు రుజువు చెయ్యాలి: ప్రమాదం నిజమైనదే అని, నిషేధం తప్ప వేరే దారి లేదని. ప్రభుత్వ పక్షాన ముగ్గురు నిపుణులు, టేలర్ పక్షాన ఒకరు సాక్ష్యం చెప్పారు. రాష్ట్రం చెప్పిన ప్రమాదాలు రెండు. బయటి ఎరచేపలతో పాటు మెయిన్ చేపల్లో లేని పరాన్నజీవులు రావచ్చు. షైనర్ల గుంపులో వేరే జాతుల పిల్లలు కలిసిపోయి రావచ్చు. ట్రౌట్, సాల్మన్ లాంటివాటికి జబ్బుల పరీక్షలకి ఆమోదం పొందిన పద్ధతులున్నాయి. ఎరచేపలకి లేవు. ఇక కలిసిపోయిన జాతులని ఏరాలంటే వేలెడంత చేపల్ని వేలకొద్దీ ఒక్కొక్కటిగా చూడాలి, అది మనుషులవల్ల అయ్యే పని కాదు.

ఎనిమిదిమంది న్యాయమూర్తులు రాష్ట్రంతో ఏకీభవించారు. తీర్పు రాసినది జస్టిస్ బ్లాక్‌మన్. ఎప్పుడో ఒకనాటికి పరీక్ష తయారవుతుందన్న ఊహని ఇవాళ చేతిలో ఉన్న ప్రత్యామ్నాయంగా లెక్కించనక్కర్లేదు, జరిగాక బాగుచేసుకోలేని నష్టం విషయంలో శాస్త్రం పూర్తిగా తేల్చేదాకా రాష్ట్రం చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. క్లుప్తంగా ఇదీ ఆయన చెప్పింది.

ఒక్కరు మాత్రం విడిగా నిలబడ్డారు, జస్టిస్ స్టీవెన్స్. నాకు ఆయన భిన్నాభిప్రాయమే ఎక్కువ ఆసక్తికరం. బయటి ఎరచేపలని ఇలా గంపగుత్తగా నిషేధించిన రాష్ట్రం దేశం మొత్తంలో మెయిన్ ఒక్కటే అన్నాడాయన. గోల్డెన్ షైనర్ అప్పటికే మెయిన్ నీళ్ళలో ఉన్న చేప.  శాస్త్రం తేల్చలేకపోతే ఆ సందేహం వివక్షకి గురైనవాడికి అనుకూలం కావాలి గానీ, వివక్ష చూపినవాడికి కాకూడదన్నది ఆయన పట్టు. ఆయన అనుమానానికి దన్నుగా ఒక కాగితం కూడా ఉంది. మన డబ్బు మన దగ్గరే ఖర్చుపెట్టుకోక ఆర్కన్సాలో ఎందుకు పోయాలి అన్న అర్థం వచ్చే మాటలు, 1981లో ఈ నిషేధాన్ని సమర్థిస్తూ రాష్ట్ర మత్స్యశాఖే రాసిన పత్రంలో ఉన్నాయి. మెజారిటీ ఆ మాటలకి పెద్ద విలువ ఇవ్వలేదు.

నా వృత్తిలో టెస్టు చెయ్యని కోడ్‌ని లోపలికి రానివ్వకపోవడం మామూలే. అందుకని నా మనసు మొదట బ్లాక్‌మన్ వైపే మొగ్గుతుంది. కానీ టెస్టు లేదు కాబట్టి వద్దు అనే అధికారం చేతికొచ్చాక, ఆ టెస్టు రాయాలన్న తొందర ఎవరికుంటుంది? గుమ్మం మూసినవాడికి ఉండదు. బయట నిలబడ్డవాడికే ఉంటుంది. తర్వాత జరిగింది అలాగే ఉంది. ఎరచేపల చెరువులని తనిఖీ చేసి, జబ్బుల్లేవని, వేరే జాతులు కలవలేదని ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని పెట్టుకున్నది ఆర్కన్సా. మెయిన్ నిషేధం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

అలాగని భయం ఉత్తదీ కాదు. 2005, 2006 సంవత్సరాల్లో గ్రేట్ లేక్స్‌లో చేపలు గుంపులు గుంపులుగా చచ్చి తేలాయి. కారణం వి.హెచ్.ఎస్. అనే వైరస్. మనుషులకి హాని చెయ్యదు గానీ, చల్లటి నీళ్ళలో చేపలకి రక్తస్రావం తెచ్చి చంపుతుంది. 2006 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఎనిమిది రాష్ట్రాలనుంచి, కెనడాలోని రెండు ప్రావిన్సులనుంచి 37 జాతుల బతికున్న చేపల రవాణాని ఆపేసింది. అందులో ఎరగా వాడే ఎమరాల్డ్ షైనర్ కూడా ఉంది. ఆ ఉత్తర్వుని 2014లో ఎత్తేశారు.

ఇంకో భయం మనకి తెలిసిన చేపలతోనే వచ్చింది. గడ్డిచేప, వెండిచేప మన చెరువుల్లో రోహూ బొచ్చెలతో కలిపి పెంచేవే. రెండూ 1959లో విదేశాలనుంచి కటక్‌కి దిగాయి. అదే గడ్డిచేప 1963లో ఆర్కన్సాకి చేరింది. మన దగ్గర తిండి, ఆదాయం అయిన ఈ చేపలు అక్కడ నదుల్లోకి తప్పించుకుని పెద్ద బెడద అయ్యాయి. వీటి పిల్లలు ఎరచేపల బకెట్లో కలిసిపోతే మామూలు కంటికి తేడా తెలియదు. ఆసియా కార్పుల భయం కూడా ఒక కారణంగా, క్యూబెక్ 2017నుంచి చలికాలంలో కూడా బతికున్న ఎరచేపలని వాడొద్దంది.

ఈ నలభై ఏళ్ళ చరిత్రలో నాకు ముఖ్యమనిపించే మలుపు మాత్రం మెయిన్‌లోనే ఉంది. 2005లో ఆ రాష్ట్రం కొన్ని సరస్సులని వేరుచేసింది. ఎవరూ పిల్లల్ని తెచ్చి వదలకుండా, బ్రూక్ ట్రౌట్ తనంతట తాను తరతరాలుగా బతుకుతున్న సరస్సులవి. వాటిల్లో బతికున్న చేపని ఎరగా వాడటం నిషేధం. ఆ చేప ఆర్కన్సాదా, పక్క ఊరిదా అన్న ప్రశ్నే లేదు. షైనర్ రాష్ట్రానికి కొత్త కాకపోవచ్చు, కానీ ఆ సరస్సుకి కొత్త. స్టీవెన్స్ వేలెత్తి చూపిన లోపానికి సమాధానం కోర్టులో దొరకలేదు, పందొమ్మిదేళ్ళ తర్వాత ఈ చట్టంలో దొరికిందనుకుంటాను. నిషేధం న్యాయమైనదా కాదా అని చూడటానికి ఇది మంచి కొలత: అది బయటివాడి సరుకుని మాత్రమే ఆపుతోందా, అదే ప్రమాదం సొంతవాడి బకెట్లో ఉంటే అక్కడా ఆపుతోందా?

ఇతరచోట్ల కూడా నియమాలు అటే జరిగాయి. వెర్మాంట్‌లో ఒక సరస్సులో సొంతంగా పట్టుకున్న ఎరచేపని ఆ సరస్సులోనే వాడాలన్న నియమం వచ్చింది. మినసోటాలో మిగిలిన ఎరచేపలని ఇంటికి తీసుకుపోవాలంటే సరస్సు నీళ్ళు అక్కడే పారబోసి, కుళాయి నీళ్ళో సీసా నీళ్ళో పొయ్యాలి. ఒంటారియో 2022లో తనని తాను నాలుగు ఎర మండలాలుగా విభజించుకుంది. కొన్న చేపలకి రసీదు పక్కనుంచుకోవాలి, రెండు వారాల్లో వాడెయ్యాలి.

వీటిల్లో మనుషులకి అన్నిటికంటే కష్టమైన నియమం ఒకటుంది. సాయంత్రం అయ్యాక బకెట్లో ఐదారు చేపలు ఇంకా ఈదుతూ మిగులుతాయి. కాళ్ళ దగ్గరే కన్నం ఉంది, కింద నీళ్ళున్నాయి. వాటిని వదిలెయ్యడం జీవకారుణ్యంలా కనిపిస్తుంది. చట్టం వద్దంటుంది. ఎందుకంటే ఆ కాస్త దయ ఖరీదు కట్టేది, మంచు కింద మనకి కనిపించకుండా బతుకుతున్న చేపలు.