పరిశుద్ధ సమాధి ఆలయపు తాళపుచెవి

నంద్యాల, ఆళ్లగడ్డల నుండి యెరూషలేము యాత్రకు పోవు మన సంఘస్థులు పరిశుద్ధ సమాధి ఆలయమును చూడక తిరిగి రారు. క్రీ.శ. 335లో ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయములో నేడు ఆరు క్రైస్తవ శాఖలకు వేర్వేరు హక్కులు కలవు. 1852 నాటి తురుష్క సుల్తాను శాసనమే వారి హద్దులను నిలుపుచున్నది. తాళపుచెవి తరతరములుగా ఒక ముస్లిము కుటుంబము వద్ద నుండగా, తలుపు తెరచువారు మరియొక ముస్లిము కుటుంబమువారు.

అది చూచి నవ్వుకొనుట మనకు తగదు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మన నంద్యాల ఆంగ్లికనులలో కొందరు చేరిరి, అధికులు చేరలేదు. ఒకే విశ్వాసపు బంధువుల మధ్య ఎడము కలిగెను. 1970వ దశకములో గాని నంద్యాల అధ్యక్ష మండలము ఆ ఐక్యతలో ప్రవేశింపలేదు.

అక్కడి తలుపు ఇతరులు తెరువవలసి వచ్చెను. మన గడియను మన పెద్దలే తీసిరి. దానిని మనము మరల వేయకుందుము గాక!