ఐలమ్మ పొలానికి ప్లాట్ల కాగితాలు

పోయిన సెప్టెంబరులో మా చిన్నదానికి స్కూల్లో ఒక పని పెట్టారు. 26న చాకలి ఐలమ్మ జయంతి కదా, ఆమె కథ తెలుసుకుని కొలాజ్ చేసుకు రమ్మన్నారు. రంగులు వేయకూడదట. చింపిన కాగితాలు, గుడ్డముక్కలే అతికించాలట. పిల్లల ప్రాజెక్టంటే తల్లుల ప్రాజెక్టే అని మీకు వేరే చెప్పాలా!

చార్టు మీద పెన్సిల్‌తో బొమ్మ గీసుకున్నాం. మొహానికి కొరియర్ కవర్ల ఖాకీ కాగితం. చీరకు మాత్రం కాగితం వద్దంది మా అమ్మాయి. బట్టలుతికే ఇంటి మనిషికి బట్టే కట్టాలమ్మా అని, నా పాత జాకెట్ల ముక్కలు తీసింది. ఇక పొలానికి పచ్చ కాగితం కావాలి. మా బడంగ్‌పేట్‌లో దానికి కరువా? రోజూ గేటులో పడేసే వెంచర్ల పాంప్లెట్లు సంచీడు ఉన్నాయి. వాటిలో ఉన్నంత పచ్చదనం ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కడా లేదు.

చింపుతూ కథ చెప్పాను. ఐలమ్మ 1895లో వరంగల్ జిల్లా కృష్ణాపురంలో పుట్టింది. పాలకుర్తికి కోడలుగా వచ్చింది. మల్లంపల్లి మక్తేదారు భూమి కౌలుకు తీసుకుని నాలుగెకరాలు సాగు చేసింది. దాని మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్ను పడింది. అరవై ఊళ్ల మీద పెత్తనం ఉన్నవాడికి ఆ నాలుగెకరాలు ఎందుకంటారా? ఆమె సంఘంలో చేరింది. వెట్టి చేయాల్సిన ఇంటి ఆడది తన పంట తాను తింటే, రేపు ఊళ్లో ఇంకెవరు మాట వింటారు? అతని భయం అదే అనిపిస్తుంది నాకు.

పంట కోసుకురమ్మని మనుషుల్ని పంపాడు. సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమికొట్టి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చారు. ఆ తర్వాత కేసులు, అరెస్టులు, ఇంటి మీద దాడి. అయినా ఆమె భూమి వదల్లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయింది కూడా ఈ దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లోనే.

నేను బీఏలో తెలుగు చదివాను గానీ ఐలమ్మ గురించి తెలిసింది పెళ్లయ్యాక, 'మనకు తెలియని మన చరిత్ర' చదివినప్పుడు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోరాటంలో ఉన్న ఆడవాళ్ల చేత చెప్పించి 1986లో వేసిన పుస్తకం అది. దొరికితే తప్పక చదవండి.

"అమ్మా, నాలుగెకరాలంటే ఎన్ని గజాలు?" అంది మా అమ్మాయి. ఈ కాలం పిల్ల, అందులోనూ ఈ ఏరియా పిల్ల. ఎకరానికి 4,840 చొప్పున 19,360 గజాలు. రోడ్లు వదలకపోతే 200 గజాల ప్లాట్లు 96 వస్తాయని అదే లెక్క తేల్చింది.

నాకు నవ్వు రాలేదు. ఆ వారమే మా తమ్ముడు ఫోన్ చేశాడు. నాన్న పేరున ఉన్న రెండెకరాలకు బేరం కుదిరింది, ఒక రోజు వచ్చి సంతకం పెట్టి పో అక్కా అన్నాడు. దేనికని అడగలేదు నేను. పుట్టింటి వాళ్లతో పేచీ ఎందుకని సరేనన్నాను. మనలో ఎంతమందిమి ఇలా సరేనన్నామో!

ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న చనిపోయింది. మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన చట్టం అమల్లోకి వచ్చిన తేదీ, అదే ఏడాది సెప్టెంబరు 5. అప్పటికి నాకు నాలుగేళ్లు. 2005లో కేంద్ర చట్టం పెళ్లయిన వాళ్లకూ ఇచ్చింది. ఆమె చేతిలో కౌలు తప్ప పట్టా లేదు. నాకు చట్టమే ఉంది.

రాత్రి పదకొండింటికి పొలం పూర్తయింది. ఒక మూల 'వంద శాతం వాస్తు' అన్న అక్షరాలు కనిపిస్తుంటే మా అమ్మాయి పీకేసి తిరగేసి అతికించింది. చేతులకు ఫెవికాల్ పొరలు కట్టింది. గోళ్లతో గీక్కుంటూ తమ్ముడికి మెసేజ్ పెట్టాను, "కాగితం ముందు నాకు పంపు, చదివి చెప్తా" అని.

రెండు నీలం టిక్కులు వచ్చాయి. కాగితం ఇంకా రాలేదు.