తెలుగునాట ఉపన్యాసకళ – ఒక చారిత్రక పరిశీలన

సభలో మాటాడటం మన జాతికి కొత్త విద్య కాదు. రాజాస్థానాలలో పండితులు శాస్త్రచర్చలు సాగించారు. దేవాలయ మండపాలలో పౌరాణికులు భారత భాగవతాలను పఠించి అర్థం చెప్పారు. అయితే ఆస్థానంలోని శ్రోతలు పండితులు, వక్త భాష ఎరిగినవారు. మండపంలోని శ్రోతలు భక్తులు, వక్త చెప్పబోయేదానిని ముందే నమ్మినవారు. తన మాటను నమ్మనివారి ఎదుట, తనతో సమానమైన చదువు లేనివారి ఎదుట నిలిచి, వారిని ఒప్పించవలసిన అవసరం ఈ ఇద్దరికీ అంతగా కలుగలేదు. ఆ అవసరం కలిగిన నాడే ఆధునికార్థంలో ఉపన్యాసం పుట్టింది. తెలుగునాట ఆ పుట్టుక పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగింది.

కందుకూరి వారి తొలి అడుగు

రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు (1848–1919) 1879లో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగ ఉపన్యాసం చేశారు. సభాసదులలో అధికులు ఆ విషయం చెవిని పెట్టడమే పాపమని తలచేవారు. పంతులు గారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. విద్యార్థికి ఎక్కడ సందేహం కలుగుతుందో అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టాలన్న సూత్రం వారికి తెలుసు. ప్రతిపక్షుల సందేహం శాస్త్రాన్ని గురించినది. కాబట్టి దయను గురించి మాత్రమే మాటాడి ఊరుకొనక, పరాశర స్మృతి వంటి ప్రమాణాలను ఎత్తి చూపి, శాస్త్రజ్ఞులతో శాస్త్రభాషలోనే వాదించారు. అదే వాదాన్ని సామాన్యులకు తెలియజెప్పడానికి తాము 1874లో స్థాపించిన ‘వివేకవర్ధని’ పత్రికను వాడుకొన్నారు.

ఉపన్యాసం వల్ల వెంటనే లోకం మారలేదు. వెలి వచ్చింది, నిందలు వచ్చాయి. కాని 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగినప్పుడు ఆయన పక్షాన నిలిచినవారిలో విద్యార్థులున్నారు. రెండేండ్ల కిందట పలికిన మాట ఎవరి చెవుల్లో నిలిచిందో ఆనాడు తేలింది.

అవధానం: ధారణకు పరీక్ష

కందుకూరి వారి ఉపన్యాసాలు సంఘాన్ని కదిలిస్తున్న రోజులలోనే సభాజయానికి మరొక మార్గం ప్రసిద్ధికెక్కింది. అది అవధానం. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) గారలు తిరుపతి వేంకట కవులుగా ఊరూరా, సంస్థానం వెంట సంస్థానం తిరిగి ఈ విద్యను ప్రజల ముంగిటికి తెచ్చారు. వీరిలో చెళ్లపిళ్ల వారి బాల్య విద్యాభ్యాసం చాలావరకు ఫ్రెంచివారి ఏలుబడిలోని యానాంలో సాగింది. గోదావరి తీరాన ఆ చిన్న పట్టణం పరాయి పాలనలో ఉండి కూడ తెలుగు కవిత్వానికి పెంపుడు తల్లి కాగలిగిందనడానికి ఇది నిదర్శనం.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు. ఒకరు దత్తపది ఇస్తారు. నిషిద్ధాక్షరి అడిగేవారు ప్రతి అక్షరానికీ అడ్డుపడతారు. గంట కొట్టేవారి లెక్క ఒకవైపు మనస్సులో సాగుతూ ఉండాలి. అప్రస్తుత ప్రసంగి ఏకాగ్రతను చెదరగొట్టడానికే నియుక్తుడు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్క పాదం చెప్పుకొంటూ నాలుగు ఆవృత్తులు ముగిశాక, చెప్పిన పద్యాలన్నింటినీ కాగితం చూడకుండా అవధాని తిరిగి వినిపించాలి. దీనికే ధారణ అని పేరు.

అవధాని సభకు వచ్చేటప్పుడు పద్యాలు వెంట తెచ్చుకోడు. ఏమడుగుతారో ఆయనకు తెలియదు. ఆయన తెచ్చుకొనేది ఛందస్సుపై పట్టు, నిఘంటువంత పదసంపద, చెదరని మనస్సు. సభకు సిద్ధపడటమంటే వాక్యాలను కంఠస్థం చేయడమని భావించేవారికి ఇది మంచి సమాధానం. వాక్యాలు కంఠస్థం చేసినవాడు మధ్యలో ఒక్క పదం మరచినా ఆగిపోతాడు. విషయాన్ని వశం చేసుకొన్నవాడికి అడ్డు వచ్చిన ప్రశ్న కూడ ఊతమవుతుంది. అప్రస్తుత ప్రసంగికి అవధాని చెప్పే చమత్కారపు సమాధానాలే సభకు ఎక్కువ కాలం గుర్తుండటం అందరూ ఎరిగినదే.

హరికథ: శ్రోతను విడువని విద్య

మహారాష్ట్ర దేశపు కీర్తన సంప్రదాయం మరాఠా ప్రభువుల కాలంలో తంజావూరు చేరి, అక్కడి సంగీత సాహిత్యాలతో కలసి దక్షిణాదిన హరికథగా రూపు దిద్దుకొంది. చెన్నపట్నం నుంచి విజయనగరం వచ్చిన కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని, అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) ఆ మార్గం పట్టారు. 1883లో ‘ధ్రువ చరిత్ర’తో ప్రారంభించి, తెలుగు హరికథకు పితామహులనిపించుకొన్నారు. మరాఠీ గడ్డ మీద పుట్టి, తమిళ గడ్డ మీద పెరిగిన విద్య తెలుగు గడ్డ మీద పరిపక్వమయింది. భాషల హద్దులు దాటి కళలు ప్రయాణించే తీరుకు ఇంతకన్న చక్కని ఉదాహరణ దొరకదు.

హరికథకుడు ఒంటరిగా నిలిచి పాడుతాడు, ఆడుతాడు, కథ చెబుతాడు. కాళ్లకు గజ్జెలు, చేత చిరుతలు. పండితునికి నచ్చే సమాసం, పామరునికి నచ్చే పిట్టకథ ఒకే గడియలో అందించాలి. శ్రోతల ముఖాలు వాడుతున్నవని గ్రహించిన క్షణాన పాటనుంచి మాటకు, మాటనుంచి హాస్యానికి మళ్లాలి. వక్త చూపు కాగితంపై కాక శ్రోతలపై ఉండాలన్న నియమాన్ని హరిదాసులు ఏ గ్రంథం చూచి నేర్చుకోలేదు. రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టవలసిన వృత్తే వారికి అది నేర్పింది.

1907: ఒక అనువాదకుని విజయం

వందేమాతరోద్యమ కాలంలో బిపిన్ చంద్రపాల్ గారు ముట్నూరి కృష్ణారావు గారి ప్రోద్బలంతో ఆంధ్రదేశంలో పర్యటించారు. 1907 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరంలో వారు చేసిన ఇంగ్లీషు ఉపన్యాసాలను తెలుగులోనికి మార్చి సభకు వినిపించే భారం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిపై (1867–1946) పడింది. చిలకమర్తి వారు చిన్ననాటినుంచి రేచీకటితో బాధపడినవారు. క్రమంగా చూపు మందగించి, ఇతరులచేత చదివించుకొని, చెప్పి వ్రాయించి గ్రంథరచన సాగించినవారు. అందువల్ల విన్నదానిని మనస్సులో నిలుపుకోవడం వారికి నిత్యాభ్యాసమయింది.

సభలో అనువాదం సామాన్యమైన పని కాదు. మూలవక్త ధాటిగా సాగిపోతాడు. అనువాదకుడు పదాల వెంట పరుగెత్తితే అర్థం జారిపోతుంది. తనకు తోచినది చెబితే వక్తకు ద్రోహం జరుగుతుంది. చిలకమర్తి వారు ‘గయోపాఖ్యానము’ నాటకంతో అప్పటికే తెలుగువారి చెవులను ఎరిగినవారు. వలస పాలన వల్ల దేశసంపద తరలిపోతున్నదన్నది ఆనాటి వాదం. ఎగుమతులు, పన్నులు, పరిశ్రమల క్షయం అనే ఈ ఆర్థిక విషయాన్ని చిలకమర్తి వారు ఆశువుగా ఒక్క పద్యంలో ఇమిడ్చారు. భరతఖండాన్ని పాడి ఆవుగా, భారతీయులను లేగదూడలుగా, తెల్లవారిని ఆ దూడల మూతులు బిగించి పాలు పిదుకుకొనే గొల్లవారుగా చిత్రించిన ఆ పద్యం సభతో ఆగక తెలుగునాడంతా పాకింది.

ఆ పద్యం అంతగా నాటుకోవడానికి కారణం విచారించదగినది. అర్థశాస్త్రం చదవని రైతు కూడ పొద్దున్నే పశువుల కొట్టంలో దూడను కట్టి పాలు పిదికినవాడే. దూడ ఆకలి అతనికి తెలుసు. తెలిసినదానితో తెలియనిదానిని ముడివేయడమే చిలకమర్తి వారు చేసిన పని. శ్రోత ఇంటిలో ఉన్న వస్తువును తీసి, దేశపటంపై నిలిపి చూపించారు.

ఆ ఉపన్యాసాల ఫలితం త్వరలోనే కనిపించింది. రాజమహేంద్రవరం ట్రెయినింగు కళాశాల విద్యార్థులు వందేమాతరం బిళ్లలు ధరించి తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాలు మార్క్ హంటరు ఆగ్రహించాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కళాశాలనుంచి బహిష్కృతులయ్యారు. మరుసటి యేడు వారే బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక నడిపి కారాగారవాసం అనుభవించారు.

దుగ్గిరాల వారి మాట వెల

మాటకు వెల చెల్లించినవారిలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారిది (1889–1928) విశిష్టస్థానం. ఎడింబరోలో చదివిన ఈ పండితుడు ఆంగ్లవక్తృత్వంతో తృప్తిపడక, జానపద గేయాలనూ పల్లె కళారూపాలనూ సభావేదికపైకి తెచ్చాడు. 1921లో పురపాలక సంఘం పన్నులను నిరసించి చీరాల, పేరాల ప్రజలు ఇండ్లు విడిచి, రామనగరమనే పాకల ఊరు కట్టుకొని నెలల తరబడి నిలిచారంటే, ఆయన వాక్కులోని బలం ఊహించవచ్చు. అదే సంవత్సరం బరంపురంలో, ప్రసంగించరాదన్న ఉత్తరువును లక్ష్యపెట్టక మాటాడినందుకు ఏడాది శిక్షపడి తిరుచినాపల్లి జైలుకు వెళ్లారు. నేటి ఒడిశాలోని పట్టణంలో పలికిన తెలుగు మాటకు నేటి తమిళనాడులోని చెరసాలలో శిక్ష! ఆంధ్రేతర ప్రాంతాల తెలుగువారి చరిత్రలో ఇది మరువరాని ఘట్టం.

గిడుగు వారి నాలుగు గంటలు

సభకు ఎలా సిద్ధపడాలో తెలుసుకోగోరేవారికి గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి (1863–1940) జీవితమే ఒక పాఠ్యగ్రంథం. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సమీపపు కొండలలోని సవరల భాష నేర్వదలచి, ఆ భాష తెలిసినవానిని ఇంట ఉంచుకొని అభ్యసించారు. సవర పిల్లలకు స్వంత ఖర్చుతో బడులు నడిపారు. కొండలలో తిరిగినందుకు మలేరియా సోకింది. క్వినైను వాడకంవల్ల వినికిడి దెబ్బతిన్నది.

వినికిడి తగ్గిన ఈ మనిషే తెలుగు భాషావాదంలో మహావక్త అయ్యారు. పాఠ్యపుస్తకాలలోని భాష పిల్లలకు పరాయి భాషగా ఉన్నదనీ, శిష్టవ్యవహారంలోని తెలుగులోనే చదువు చెప్పాలనీ వారి వాదం. జయంతి రామయ్య పంతులు గారి వంటి ఉద్దండులు ఎదుటిపక్షాన ఉన్నారు. గిడుగు వారు ఆవేశాన్ని నమ్ముకోలేదు. శాసనాలు, ప్రాచీన కావ్యాలు, వ్యాఖ్యానాలు, సమకాలికుల రచనలు గాలించి ప్రయోగాలను సేకరించారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలపాటు ప్రసంగించి, గ్రాంథికాన్ని పట్టుపట్టి సమర్థించేవారు సైతం దానిని నిర్దుష్టంగా వ్రాయలేకపోతున్నారని సోదాహరణంగా నిరూపించారు.

ప్రతివాది పుస్తకమే తనకు సాక్ష్యం కావడంలో వారి ఉపన్యాసబలం ఉంది. ఎదుటివారి వాదాన్ని ఎదుటివారికన్న క్షుణ్ణంగా చదివినవాడికే అది సాధ్యం. నాలుగు గంటల ఆ ప్రసంగానికి వెనుక పదునెనిమిదేండ్ల పరిశ్రమ ఉంది. తొలినాళ్లలో శాస్త్రభాషతో సభను ఎదుర్కొన్న కందుకూరి వారు సైతం తుదిదశలో ఈ వాదం వైపు మొగ్గారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడినప్పుడు కందుకూరి వారు అధ్యక్షులు, గిడుగు వారు కార్యదర్శి. వాదంలో గెలుపు ఎదుటివానిని పడగొట్టడంలో లేదనీ, పక్కకు తెచ్చుకోవడంలో ఉన్నదనీ ఈ సంఘటన చాటుతున్నది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. గిడుగు వారు ఆ నాడే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఆయన వెళ్లినా, అక్కడి తెలుగు కుటుంబాలన్నీ వెళ్లలేదు. తమ పిల్లలకు తెలుగు చెప్పించే పని ఆ తరువాత వారి భుజాలపైనే పడింది.

పాఠశాల వేదిక

తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల ఉన్న తెలుగు పాఠశాలలకు ఈ చరిత్ర పుస్తకాలలో చదివి విడువదగినది కాదు. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, ఉద్యోగానికి ఇంగ్లీషు అనే పరిస్థితిలో పెరిగే బాలునికి, తెలుగు పదిమందిలో పలకదగిన భాష అన్న విశ్వాసం కలిగేది ముఖ్యంగా పాఠశాల వేదిక మీదనే. ఇంటిలో మాత్రమే పలికే భాష క్రమంగా వంటింటి భాషగా కుంచించుకుపోతుంది. సభలో పలికినప్పుడే దానికి కొత్త పదాలు, కొత్త విషయాలు, వాదించే శక్తి అబ్బుతాయి.

వార్షికోత్సవాలలో వక్తృత్వ పోటీ అనగానే పెద్దలు వ్రాసి ఇచ్చిన వ్యాసాన్ని పిల్లవాడు వల్లించి వినిపించడం చాలాచోట్ల ఆచారమయింది. పై మహనీయుల మార్గం అది కాదు. పిల్లవానికి ఒక విషయం ఇచ్చి, వారం రోజులు నలుగురిని అడిగి తెలుసుకోమనాలి. చెప్పదలచినదాన్ని మూడు ముక్కలుగా తన మాటలలో పేర్చుకోమనాలి. వినేవారి బ్రతుకునుంచి ఒక పోలిక వెదకమనాలి. చెప్పిన తరువాత సభలోనివారు రెండు ప్రశ్నలు అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు తడబడుతూనైనా తన తెలుగులో జవాబు చెప్పిన పిల్లవాడు, వల్లించి బహుమతి పొందినవానికన్న ఎక్కువ నేర్చుకొన్నవాడు. పొరుగు భాషల నుడికారం అతని మాటలో దొర్లితే సిగ్గుపడవలసినదీ లేదు. మరాఠీ కీర్తన తంజావూరు మీదుగా వచ్చి తెలుగు హరికథ అయినట్లే, బతికి ఉన్న భాష ఇరుగుపొరుగులతో ఇచ్చిపుచ్చుకొంటూనే సాగుతుంది.

డెబ్బదియైదు ఏండ్లు ఒక పాఠశాల నిలిచిందంటే, అన్ని ఏండ్లపాటు ఆ వేదికపై ఎందరో పిల్లలు వణికే కాళ్లతో నిలిచి మొదటి వాక్యం పలికారన్నమాట. వారిలో పేరుపొందిన వక్తలైనవారు కొందరే కావచ్చు. అయినా తమ ఊరి సభలో, సంఘంలో, కార్యాలయంలో, న్యాయం కోసం నోరు విప్పవలసిన చోట నోరు విప్పగలిగినవారందరూ ఆ మొదటి వాక్యానికి ఋణపడినవారే. ఆ వాక్యం ఇకముందు కూడ తెలుగులో వినిపించేటట్లు చూడటం నిర్వాహకుల, ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల ఉమ్మడి బాధ్యత.