పోచంపాడు నుండి పాస్‌వర్డు దాకా

ఆర్మూరు పసుపు చేను తడవాలంటే బోరు మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే కరెంటు రావాలి. ఆ కరెంటుకు కాపలా ఎవరు?

1963 జూలై 26న సమీపంలోని పోచంపాడు వద్ద గోదావరిపై ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడి జలవిద్యుత్కేంద్రం సామర్థ్యం నేడు 36 మెగావాట్లు. ఆ తరానికి రక్షణ అంటే గేటు వద్ద కావలివాడు. భయమంటే ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి రాగితీగ ఎత్తుకుపోయే దొంగ.

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైనుతో దక్షిణాది గ్రిడ్డు దేశపు గ్రిడ్డుతో కలిసింది. ఒకచోటి మిగులు మరొకచోటి లోటును తీర్చే వీలు కలిగింది. ఒకచోటి దెబ్బ దూరాన ఉన్నవారినీ తాకే ప్రమాదం కూడా పెరిగింది.

2019లో ఉభయ తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై రాన్సమ్‌వేర్ దాడి జరిగి వెబ్‌సైట్లు స్తంభించాయి. అంతకు మునుపే, 2015 డిసెంబరు 23న, ఉక్రెయిన్‌లో హ్యాకర్లు దూరం నుండే బ్రేకర్లు తెరచి సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కరెంటు లేకుండా చేశారు. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పోయి, చేతితో బ్రేకర్లు వేసి, కొద్ది గంటలలో వెలుగు తెచ్చారు.

తాళమూ కావాలి, పాస్‌వర్డూ కావాలి. కంప్యూటరు మొరాయించిన నాడు చేతితో లైను కలపగల మనిషి అంతకంటే ముఖ్యం. ఆ పనితనాన్ని మరచిపోతే ఏ కాపలా పెట్టినా చేను ఎండక తప్పదు.