బంకమ్ కౌంటీ: వరద ప్రమాదము, గృహములకు వరద బీమా

బంకమ్ కౌంటీ, అమెరికా సంయుక్త రాష్ట్రములందలి ఉత్తర కెరొలైనాకు పశ్చిమ భాగమున, బ్లూ రిడ్జ్ పర్వతపంక్తుల నడుమ నెలకొనియున్న పరిపాలనా విభాగము. ఆష్‌విల్ దీని ముఖ్యపట్టణము. 2020 జనగణన ననుసరించి ఇచటి జనసంఖ్య సుమారు 2,69,000. సముద్రమునకు బహుదూరమున, సుమారు రెండువేల అడుగుల ఎత్తున నున్నందున, తుపానుల ఉపద్రవము తీరవాసులదే గాని తమది కాదని ఇచటి గృహస్థులు పలువురు చిరకాలము విశ్వసించిరి. 1916, 2004, 2024 సంవత్సరములలో ఇచటి నదులు పొంగి ఆ విశ్వాసము నిరాధారమని చాటినవి. పర్వత ప్రాంతమున వరద ప్రమాదము పటముపై గీసిన రేఖతో ముగియదనియు, ఆ రేఖను నమ్మి బీమా లేకుండ నుండుట గృహస్థునకు సర్వస్వనష్ట హేతువు కావచ్చుననియు ఈ కౌంటీ అనుభవము స్పష్టపరచుచున్నది.

నైసర్గిక స్వరూపము

ట్రాన్సిల్వేనియా కౌంటీలో పుట్టిన ఫ్రెంచ్ బ్రాడ్ నది ఉత్తరాభిముఖముగా ప్రవహించి, ఆష్‌విల్ మీదుగా టెనెసీ రాష్ట్రమున ప్రవేశించును. తూర్పు కొండలనుండి దిగివచ్చు స్వానానోవా నది పడమరకు పారి, బిల్ట్‌మోర్ పేటను ఒరసికొనుచు ఫ్రెంచ్ బ్రాడ్‌లో సంగమించును. ఈ రెండు నదులకు నలుదిక్కుల లోయలనుండి లెక్కకు మిక్కిలిగా వాగులు వచ్చి చేరుచుండును.

సముద్రముమీదినుండి వచ్చు తేమగాలులు కొండలకు తాకి పైకెగసి చల్లబడుటచే, మైదానములందుకంటె ఇచట వాన మిక్కుటముగ కురియును. వాలు నిటారైనది, రాతిపై పరచుకొన్న మన్ను పలుచనిది. కావున ఆ మన్ను ఒకమారు తడిసి నిండిన పిమ్మట, కురిసిన నీరంతయు కొలది గంటలలోనే లోయలకు చేరును. లోయలు ఇరుకైనవగుటచే, నీరు ప్రక్కలకు పరచుకొనుటకు తావులేక నిట్టనిలువుగ పెరుగును. కొండల నడుమ సమతలభూమి నదీతీరమున మాత్రమే లభించుటచే, రహదారులు, రైలుమార్గములు, కర్మాగారములు, అంగళ్లు, గృహములు అన్నియు తరతరములుగ ఆ తీరముననే వెలసినవి. కొట్టుకొనివచ్చిన చెట్లు, బండరాళ్లు వంతెనల క్రింది మార్గములను, కల్వర్టులను మూసివేయగా, ఏనాడును నీటిముఖ మెరుగని వీధులలోనికి సైతము వాగు దారి మార్చుకొని వచ్చుట కలదు. పైనుండి బురదప్రవాహములు, కొండచరియలు విరిగిపడుట మరియొక ప్రమాదము.

వరదల చరిత్ర

1916 జూలైలో మెక్సికో సింధుశాఖనుండి వచ్చిన తుపాను నేలను తడిపి వదలినది. వారము దాటీదాటకముందే అట్లాంటిక్ వైపునుండి రెండవ తుపాను వచ్చిపడినది. ఆల్టపాస్ అను పర్వత గ్రామమున 24 గంటలలో 22 అంగుళములకు మించిన వర్షము నమోదయ్యెను. ఆష్‌విల్ వద్ద ఫ్రెంచ్ బ్రాడ్ నీటిమట్టము 23.1 అడుగులకు చేరెను. అది మొదలు శతాబ్దమునకు పైగా ఆ కొలతయే వరద తీవ్రతకు పరమావధిగా ఎంచబడెను.

2004 సెప్టెంబరులో ఫ్రాన్సిస్, ఐవన్ తుపానుల శేషములు పదిదినముల వ్యవధిలో ఒకదాని వెంట నొకటి వచ్చి, బిల్ట్‌మోర్ పేటను ముంచివేసినవి. ఆ ఐవన్ కాలముననే, నైరుతి దిశనున్న మేకన్ కౌంటీలోని పీక్స్ క్రీక్ వద్ద బురదప్రవాహము ఇండ్లపైబడి ఐదుగురిని బలిగొన్నది.

2024 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి ఫ్లోరిడా తీరమును దాటిన హెలీన్ తుపాను మరునాడుదయమునకు ఈ కొండలను చేరెను. అంతకు ముందే రెండుదినములపాటు కురిసిన కుంభవృష్టికి నేల నీటితో నిండియుండెను. పొరుగున నున్న యాన్సీ కౌంటీలో ఒకచోట మొత్తము 30 అంగుళములకు మించి వాన కురిసెను. ఆష్‌విల్ వద్ద ఫ్రెంచ్ బ్రాడ్ 24.67 అడుగుల మట్టమునకు లేచి 1916 నాటి కొలతను మించిపోయెను. ఉత్తర కెరొలైనాలో నూరుమందికి పైగా మరణింపగా, వారిలో 40 మందికి పైగా బంకమ్ కౌంటీవారే. గొట్టములు కొట్టుకొనిపోయి, ఆష్‌విల్ నగరమునకు త్రాగుటకు యోగ్యమైన కుళాయినీరు నవంబరు 18వ తేదీవరకు లభింపలేదు. తుపాను సోకిన పర్వత ప్రాంతమంతట రెండువేలకు మించిన చోట్ల కొండచరియలు విరిగినట్లు భూగర్భశాస్త్రజ్ఞులు గుర్తించిరి.

వరద పటములు, వాటి పరిమితి

అమెరికా కేంద్ర ప్రభుత్వపు విపత్తు నిర్వహణ సంస్థయగు ఫీమా, ఏ యేటనైనను నూటికి ఒకపాలు మునుగు అవకాశమున్న భూమిని ప్రత్యేక వరద ప్రమాద మండలముగ పటములపై గుర్తించును. వాడుకలో దీనిని నూరేండ్ల వరద యనుటచే, ఒకమారు వరద వచ్చినచో మరల నూరేండ్లవరకు రాదను భ్రాంతి జనులలో పాతుకొనియున్నది. యథార్థమునకు, ముప్పదియేండ్ల తనఖా ఋణము తీరులోపల ఆ మండలములోని గృహము మునుగు సంభావ్యత సుమారు 26 శాతము.

ఈ పటములు ముఖ్యముగ నదులను, పెద్దవాగులను అనుసరించి గీయబడినవి. చిన్నవాగులు అనేకము వీనిలో పరిశీలింపబడలేదు. కొండవాలుపై బురదప్రవాహపు మార్గములును ఇందు కానరావు. గతకాలపు కొలతలపై నాధారపడిన గణనలు, వేడెక్కుచున్న వాతావరణమున పెరుగుచున్న వర్షతీవ్రతను పూర్తిగా ప్రతిబింబింపజాలవు. కావున మండలమునకు వెలుపల నుండుట ప్రమాదము తక్కువయని సూచించునే గాని, ప్రమాదము లేదని చెప్పదు.

బీమా విధానము

అమెరికాలో సామాన్య గృహబీమా పాలసీ వరదనష్టమును చెల్లింపదు. ప్రైవేటు సంస్థలు ఈ భారమును వహింప నిరాకరించుటచే, 1968లో శాసనము ద్వారా జాతీయ వరద బీమా కార్యక్రమము ఏర్పడినది. వరదభూములలో నిర్మాణములను నియంత్రించు నిబంధనలను ఒక ఊరు లేక కౌంటీ అమలుపరచినచో, అచటి నివాసులు ఈ బీమా కొనవచ్చును. కేంద్రముచే నియంత్రింపబడు బ్యాంకులనుండి తనఖా ఋణము పొందినవారు, వారి గృహము ప్రత్యేక ప్రమాద మండలములో నున్నచో, బీమా విధిగా కొనవలెనని 1973 నాటి శాసనము నిర్దేశించినది.

ఒక కుటుంబపు గృహమునకు గరిష్ఠ పరిహారము 2,50,000 డాలర్లు. గృహోపకరణములకు వేరుగా 1,00,000 డాలర్లు. ఈ రెండవది ప్రత్యేకముగ కోరి కొననిచో వర్తింపదు. నేలమాళిగలోని వస్తువులకు రక్షణ స్వల్పము. పాలసీ కొన్న పిమ్మట సాధారణముగ 30 దినములు గడచినగాని అది అమలులోనికి రాదు; తుపాను వార్త విని కొనబూనుట నిష్ప్రయోజనము. 2021 అక్టోబరునుండి ప్రీమియమును కేవలము మండలమునుబట్టిగాక, నీటికిగల దూరము, నేల ఎత్తు, పునర్నిర్మాణ వ్యయము మొదలగువానినిబట్టి ప్రతి గృహమునకు విడిగా నిర్ణయించుచున్నారు.

పర్వతవాసులకు అత్యంత ముఖ్యమైన భేద మొకటి ఇందు కలదు. నీటితో కలిసి ద్రవరూపమున పారివచ్చిన బురద గృహమును ముంచినచో పరిహారము లభించును. నేల విరిగి జారి గృహమును పడద్రోసినచో లభింపదు. ఒకే వానలో, ఒకే వాలుపై, ఇరుగుపొరుగు ఇండ్లలో ఒకదానికి పరిహారము వచ్చి, రెండవదానికి రాకపోవచ్చును. భారతదేశమున 2021 ఏప్రిల్ నుండి ప్రామాణికముగ అమలులోనున్న భారత్ గృహ రక్ష పాలసీలో వరదయు, కొండచరియలు విరుగుటయు సహజముగనే చేరియున్నవి. కావున అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువారు స్వదేశపు పద్ధతియే అచటను నడచునని తలపరాదు.

హెలీన్ నేర్పినది

హెలీన్ తాకిడికి మిక్కిలి దెబ్బతిన్న పర్వత కౌంటీలలో ఆనాటికి వరద బీమాగల గృహములు నూటికి ఒకటికంటెను తక్కువ. పటము తమ ఇంటిని మండలమునకు వెలుపల చూపుట, అప్పుతీరిన లేక వారసత్వముగ వచ్చిన ఇండ్లకు బీమా కొనుమని అడుగువారు లేకపోవుట, ప్రీమియము భారమగుట ఇందుకు ముఖ్య కారణములు. బీమా లేనివారికి మిగిలిన ఆధారము ప్రభుత్వ సహాయమే. ఆ విపత్తునాటికి గృహమరమ్మతులకు ఫీమా ఇయ్యగల గరిష్ఠ ధనము 42,500 డాలర్లు. పెక్కుమందికి అందునది అంతకంటె చాల తక్కువ. తక్కువ వడ్డీకి ఋణములు లభించును గాని, కూలిన ఇంటిపై పాత తనఖాతోబాటు అదియు తీర్పవలసినదే.

అందుచే, లోయలోగాని వాలుపైగాని గృహముగలవాడు పటమును చూచుటతో తృప్తిపడక, ఇంటిప్రక్క వాగు పూర్వము ఎంతవరకు పొంగినదో వృద్ధుల నడిగి తెలిసికొనవలెను. పైవాలున పాత బురదప్రవాహపు జాడలున్నవేమో రాష్ట్రపు భూగర్భ పటములందు పరిశీలింపవలెను. ప్రమాద మండలమునకు వెలుపలివారును తుపానుల కాలమునకు చాలముందే పాలసీ కొనవలెను. ఈ జాగ్రత్త భారమంతయు గృహస్థునిపైననే మోపుటయు న్యాయముగాదు. చిన్నవాగులను పటములకెక్కించుట, పేద కుటుంబముల ప్రీమియమునకు చేయూతనిచ్చుట, మాటిమాటికి మునుగు ఇండ్ల పునాదిని ఎత్తించుట లేక వానిని ప్రభుత్వమే కొని ఆ భూమిని నదికి విడిచిపెట్టుట పాలకుల విధి. కొండవాగు తీరమున నివసించు సామాన్యునికి గృహమే జీవితకాల సంపాదన; దానిని నిలుపుటకు వలయు ఏర్పాటు వరదకు ముందే సిద్ధమై యుండవలెను.