ఫలక్‌నుమా దిగి బేగంపేటకి

హైదరాబాదులో కృష్ణానగర్ అంటే సినిమావాళ్ళ బస్తీ. తారలు ఉండే చోటు కాదు లెండి, తారల వెనకాల వరసగా నిలబడేవాళ్ళు ఉండే చోటు. తెల్లవారకుండానే అడ్డా మీద చేరి షూటింగు బండి కోసం ఎదురు చూస్తారు. బండెక్కిన వాళ్ళలో ఒకాయన సాయంత్రం దాకా జమీందారుగారి దివాను. ఒకావిడ రాణీగారి పక్కన నిలబడే చెలికత్తె. చీకటి పడ్డాక రంగు కడుక్కుని, ఒంటిగది అద్దెకి ఎంత తక్కువైందో లెక్క చూసుకుంటారు. పొద్దున వచ్చిన ఐశ్వర్యం రాత్రికి పోవడం వాళ్ళకి మామూలే.

అసలు నవాబులకి మాత్రం ఆ వేషం విప్పడం అంత సులువు కాలేదు. అమీర్‌పేట దాటి బేగంపేట వెళితే పైగా ప్యాలెస్ కనిపిస్తుంది. 2008 నుంచి 2023 దాకా అందులో అమెరికా కాన్సులేటు ఉండేది. కొడుకునో కూతురునో వీసాకి లోపలికి పంపి, రోడ్డు మీద నిలబడి దేవుళ్ళకి మొక్కుకున్న తల్లులు మనలో ఎంతమందో! ఆ మేడ ఒక గొప్ప కుటుంబం అప్పులపాలై, కట్టుకున్న ఇల్లు వదులుకున్నాక చేరిన ఇల్లని వాళ్ళలో ఎందరికి తెలుసు?

పైగాలంటే హోదాలో నైజాము తరవాత వాళ్ళే. సొంత సైన్యం, లెక్కలేనన్ని జాగీర్లు, నైజాము ఇంటి ఆడపిల్లలతో వియ్యం. వాళ్ళలో వికారుల్ ఉమ్రా, ఆరో నైజాము మహబూబ్ అలీఖాన్ తోబుట్టువుని చేసుకున్నారు. 1884లో ఆయన కొండమీద ఫలక్‌నుమాకి పునాది వేశారు. ఆ కట్టడం ఏళ్ళ తరబడి సాగింది. ఇటలీ పాలరాయి, నూటొక్కరు ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల... ఇల్లు పూర్తయ్యేసరికి ఇంటాయన అప్పుల్లో మునిగారు. చిత్రమేమిటంటే, 1893 నుంచి 1901 దాకా ఆయనే రాజ్యానికి ప్రధానమంత్రి! పగలు ఖజానా లెక్కలు, రాత్రి అప్పులవాళ్ళ లెక్కలు అన్నమాట.

ఇక్కడ బేగం గారి ప్రవేశం. ఉపాయం ఆమెదేనని హైదరాబాదులో చెప్పుకుంటారు. నైజామును విందుకి పిలవమన్నదట. వచ్చిన నైజాముకి ఇల్లు తెగ నచ్చింది, వెళ్ళబుద్ధి కాలేదు. అదను చూసి వికారుల్ ఉమ్రా "తమకి నజరానా" అన్నారు. ఊరికే పుచ్చుకుంటే పరువేముంది? నైజాము సొమ్ము ఇప్పించారు. అప్పు తీరింది, అమ్ముకున్నారన్న మాట రాలేదు. గాజులు తాకట్టు పెట్టి, మెరుగు పెట్టడానికి ఇచ్చామని పక్కింటి వాళ్ళతో చెప్పే ఇల్లాలికీ ఈ బేగానికీ తేడా ఎంతలే అనిపిస్తుంది నాకు.

ఆ తరవాత బేగంపేటలో కట్టుకున్నదే ఈ రెండంతస్తుల మేడ. మనకది రాజభవనం, వాళ్ళకి మాత్రం తగ్గి బతకడం! అంతటితోనైనా కట్టడాల పిచ్చి వదిలిందా? పక్కనే స్పెయిన్ ఫక్కీలో మసీదు మొదలుపెట్టారు. 1902లో ఆయన పోతే, 1906లో అది పూర్తయింది.

ఇది ఒక్క ఇంటి సంగతి. అన్ని దేవిడీలకీ ఒకేసారి దెబ్బ తగిలింది 1949లో. అంతకు ముందు సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, ఆ ఆగస్టు 15న జాగీర్ల రద్దు వచ్చింది. జాగీర్దారంటే భూమి సొంతదారు కాడు, దాని శిస్తు తినే హక్కుదారు. హక్కు పోయాక మిగిలింది వాయిదాల మీద వచ్చే పరిహారం. రద్దు న్యాయమే, రైతు ఎముకల మీద నిలబడ్డ వైభవమది. కాని ఇంట్లో గంటకొట్టి పిలిస్తే తప్ప మంచినీళ్ళు ముంచుకోవడం తెలియని ఆడవాళ్ళున్నారే, వాళ్ళ గతి?

వెండి కంచాలు, గాజు దీపాలు, పాందాన్లు చౌక్ బజారు చేరాయి. దేవిడీలు ఆఫీసులయ్యాయి. పంజాగుట్ట దగ్గర ఫక్రుల్ ముల్క్ కట్టిన ఎర్రమంజిల్ సర్కారు దఫ్తరాలకి నెలవైంది. 2019లో దాన్ని కూల్చి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు ఆపింది. ఆ రోజుల పతనాన్ని జీలానీ బానో 'ఐవాన్-ఎ-గజల్' నవలగా రాశారు.

వస్తువులు అమ్మడం తేలిక. కష్టమంతా మనుషుల్ని తగ్గించుకోవడంలోనే. ముసలి ఆయా, ఆయా మనవడు, ఎవరి తరఫు బంధువో తెలియని అత్త... ఎవరిని పొమ్మంటారు? నైజాము ఇల్లే చూడండి. 1967లో ముకర్రం జా తాతగారి వారసుడయ్యే నాటికి ఆ ఇంటిమీద ఆధారపడ్డవాళ్ళు 14,718 మందని చరిత్రకారులు రాశారు. మంచినీళ్ళు తేవడానికి 28 మంది, షాండ్లియర్లు తుడవడానికి 38 మంది! 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆయన ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారం కొనుక్కుని వెళ్ళిపోయారు. అదీ నిలవలేదు. 2023 జనవరిలో ఇస్తాంబుల్లో పోయారు.

ఇల్లు సర్దడానికి వచ్చింది మళ్ళీ ఒక ఆడదే. ఆయన మొదటి భార్య ఎస్రా, టర్కీ అమ్మాయి. 1959లో పెళ్ళయింది, 1974లో విడాకులయ్యాయి. ఏ హక్కుతో రావాలి, ఎందుకు రావాలి? అయినా పాతికేళ్ళ తరవాత వచ్చి, దావాలు పరిష్కరించే పని నెత్తిన వేసుకుంది. బూజు పట్టిన గదులు తెరిపించి, బట్టలు, పింగాణీ, వేలకొద్దీ ఫోటోలు బయటికి తీయించి జాబితాలు రాయించింది. 2005లో చౌమహల్లా టిక్కెట్టు కొన్నవాళ్ళందరికీ తెరుచుకుంది. వికారుల్ ఉమ్రాని ముంచిన ఫలక్‌నుమాని ఆమె హోటలు వాళ్ళకి లీజుకి ఇప్పించింది. 2010 నవంబరు నుంచి ఆ ఇంటి గదులకి రోజుకింతని అద్దె వస్తోంది. నూటొక్క కుర్చీల బల్ల అక్కడే ఉంది.