అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్‌కు అప్పులు, కట్టని పన్నులు ఎంతవరకు అడ్డు?

బెంగళూరు, చెన్నై, షోలాపూర్, బరంపురం, యానాం వంటి ఊళ్ళలోని మన ఇళ్ళ నుంచి అమెరికా వెళ్ళి, అక్కడి పౌరులైన పిల్లలు ఉన్నారు. వాళ్ళు రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీల్లోనో, కొన్ని ప్రభుత్వ శాఖల్లోనో చేరాలంటే సెక్యూరిటీ క్లియరెన్స్ అవసరమవుతుంది. రహస్య సమాచారం చూడడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఇది. దీనికోసం డబ్బు వ్యవహారాలు కూడా ఆరా తీస్తారు. ఇక్కడ మనం పిల్లల పేరున వేసిన డిపాజిట్లు, తీసిన లోన్లు కూడా అందులోకి వస్తాయి. అందుకే పెద్దవాళ్ళు కూడా తెలుసుకోవలసిన విషయాలు ఇక్కడ ఇస్తున్నాం.

ఎవరికి ఇస్తారు?

క్లియరెన్స్ అమెరికా పౌరులకే ఇస్తారు. హెచ్-1బి వీసా, గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి ఇవ్వరు. ఎవరికి వారు దరఖాస్తు చేసుకునే వీలు లేదు, ఉద్యోగం ఇచ్చే సంస్థే ఆ ప్రక్రియ మొదలుపెట్టాలి.

నిబంధన ఏమంటుంది?

2017 జూన్ 8 నుంచి అమలులో ఉన్న ఆదేశంలో 13 మార్గదర్శకాలు ఉన్నాయి. డబ్బు విషయాలు చూసేది గైడ్‌లైన్ ఎఫ్. అప్పుల్లో మునిగినవారు డబ్బు కోసం తప్పుదారి పట్టవచ్చని, పన్ను ఎగ్గొట్టేవారు ఇతర నియమాలనూ లెక్కచేయకపోవచ్చని దాని భావన.

అప్పు ఇంత దాటితే అనర్హత అనే అంకె ఏదీ లేదు. క్రెడిట్ స్కోరు ఇంత ఉండాలనీ లేదు. ఇంటి లోను, కారు లోను సక్రమంగా కడుతుంటే ఇబ్బంది లేదు. దివాలా తీసినంత మాత్రాన కూడా తలుపులు మూసుకుపోవు. కానీ ఎస్‌ఎఫ్-86 ఫారంలో గత 7 ఏళ్ళ వివరాలు చెప్పాలి. 120 రోజులు దాటిన బాకీలు, వసూలు ఏజెన్సీకి వెళ్ళిన అప్పులు, కోర్టు తీర్పులు, వేయని రిటర్నులు, కట్టని పన్నులు అన్నీ రాయాలి. షూరిటీ సంతకం పెట్టిన అప్పులు కూడా ఇందులోకే వస్తాయి.

పన్నుల సంగతి

కట్టడానికి డబ్బు లేకపోయినా రిటర్ను గడువులోగా వేయాలి. రిటర్ను వేయకపోవడం దానికదే ఒక తప్పు. బాకీ ఉంటే ఐఆర్‌ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకుని, ఆ వాయిదాలు తప్పకుండా కడుతూ ఉంటే అది అనుకూలంగా నిలుస్తుంది. క్లియరెన్స్ పోతుందని తెలిశాక హడావిడిగా కడితే దానికి అంత విలువ ఉండదు.

మన వైపు నుంచి వచ్చే చిక్కులు

అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయానికైనా అక్కడ లెక్క చూపాలి. ఎన్‌ఆర్‌ఇ డిపాజిట్ వడ్డీకి, వ్యవసాయ ఆదాయానికి ఇక్కడ పన్ను లేకపోయినా అక్కడ ఉంటుంది. ఇక్కడి ఇంటి అద్దెకు కూడా అక్కడ లెక్క చూపాలి. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ దాఖలు చేయాలి. తల్లిదండ్రులతో ఉన్న జాయింట్ అకౌంటు కూడా ఈ లెక్కలోదే. డబ్బంతా నాన్నగారిదే అన్నా మినహాయింపు లేదు.

ఇక్కడి చదువు లోను ఆగిపోయి ఉంటే, అమెరికా క్రెడిట్ రిపోర్టులో సాధారణంగా కనబడదు. అలాగని ఫారంలో వదిలేయకూడదు.

ఏవి అండగా నిలుస్తాయి?

ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు, ఇంట్లో మరణం వంటి చేతిలో లేని కారణాలను పరిగణిస్తారు. అయితే ఆ సమయంలో బాధ్యతగా నడుచుకున్నట్టు చూపాలి. అప్పులవాళ్ళతో మాట్లాడి కొద్దికొద్దిగా తీరుస్తున్న రసీదులు, గుర్తింపు ఉన్న సంస్థలో తీసుకున్న రుణ సలహా పనికొస్తాయి. అన్నిటికంటే ప్రమాదం దాచడం. తీర్చుతున్న అప్పుకు సమాధానం చెప్పుకోవచ్చు. తెలిసి అబద్ధం రాస్తే అది నేరం, క్లియరెన్స్‌కూ పెద్ద దెబ్బ.

కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగికి అభ్యంతరాల పత్రం వస్తే, 20 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. అక్కడి న్యాయవాది సలహా తీసుకోవడం మంచిది.

ఇప్పుడే చేయదగ్గవి

పిల్లల పేరున ఉన్న ఖాతాలు, డిపాజిట్లు, స్థలాలు, షూరిటీలు ఒక కాగితం మీద రాసి వాళ్ళకు పంపండి. ఏటా వడ్డీ సర్టిఫికెట్లు ఇవ్వండి. వాళ్ళకు చెప్పకుండా వాళ్ళ పేరున ఖాతా గానీ, లోను గానీ తెరవకండి. పాత లోను మిగిలి ఉంటే బ్యాంకుతో మాట్లాడి తీర్చి, బాకీ లేదన్న పత్రం దాచి ఉంచండి.